ఎవరి కాలు? ఏ నేల మీద?

ప్రతి జూలైలోనూ మా కాలేజీలో పీహెచ్‌డీకి కొత్తగా చేరినవాళ్లు నా క్లాసులో అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మేడం, ఎన్ని పర్సెంట్ దాకా ఉండచ్చు?" పరిశోధన దేని మీదో ఇంకా తేలి ఉండదు. గైడ్ ఎవరో కూడా కొందరికి తెలీదు. పర్సెంట్ సంగతి మాత్రం ముందే కావాలి. తప్పు వాళ్లది కాదులెండి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఒక మెట్టు, 40 నుంచి 60 దాకా ఇంకో మెట్టు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కాపీని ఆపడానికి గీసిన గీత పోను పోను మంచి రాతకి కొలతైపోయింది. 8 వచ్చిన అధ్యాయం బాగున్నట్టు, 13 వచ్చింది బాగాలేనట్టు. సాఫ్ట్‌వేర్ చూసేది ఈ మాటలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని మాత్రమే. రాసినవాడు తన కళ్లతో ఏమైనా చూశాడా లేదా అన్నది దానికి అనవసరం. ఇప్పుడు ఏఐ వచ్చాక ఎక్కడా లేని వాక్యాలు కావలసినన్ని పుట్టించుకోవచ్చు, పర్సెంట్ కూడా చక్కగా దిగుతుంది. చూసింది మాత్రం అప్పుడూ ఏమీ ఉండదు.

నేను వేలూరులో అకడమిక్ రైటింగ్ చెబుతాను. ఇల్లు గుడియాత్తం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, థీసిస్‌లో ఇంగ్లీషు. మా ఊళ్లో చదువుకున్న చాలా ఇళ్ల సంగతి ఇదే. 1911లో చిత్తూరు జిల్లా వేరు పడేదాకా చిత్తూరూ మేమూ ఉత్తర ఆర్కాటు కిందే ఉన్నాం. గీత గీశారు గానీ మాటలు గీతకి రెండువైపులా ఉండిపోయాయి. లుంగీలకీ అగ్గిపెట్టెలకీ పేరున్న ఊరు మాది. మగ్గం, బీడీ, అగ్గిపెట్టె, అన్నీ చేతులు కదిలితేనే పూట గడిచే పనులు. ఆ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వేలూరు బస్సు దిగి కాలేజీ గేటు దాటగానే, తమకు బాగా తెలిసిన ప్రపంచాన్నంతా బయటే వదిలేసి లోపలికి వస్తారు. వదిలేయమని మేమే చెబుతాం. "ఆబ్జెక్టివ్‌గా రాయాలమ్మా" అంటాం. అంటే ఏమిటో మాత్రం చెప్పం.

నా పరిశోధన పిల్లల చదువులో నాట్యం మీద. అకడమిక్ రైటింగ్‌లో నాకు పనికొచ్చిన పాఠాలన్నీ ఆ నాట్యం క్లాసులో, పిల్లల కాళ్లు చూస్తూ దొరికినవే. అందుకే ఈ కోర్సు ఎక్కడైనా సరే అలాంటి చోటే మొదలవ్వాలంటాను: పనిచేస్తున్న ఒక మనిషిని దగ్గర నుంచి చూసి ఒక పేజీ రాయడం. సిద్ధాంతాలూ ఉల్లేఖనాలూ ఆ తర్వాత. ఇది నాట్యం మీదో సోషియాలజీ మీదో పనిచేసేవాళ్లకే అని నేననడం లేదు. మెకానికల్ ఇంజినీరింగ్ వాళ్లకి కూడా ఇదే చెబుతాను, చేయిస్తున్నాను కూడా.

నాట్యం గురించి రాయడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, అందులో మాటలుండవు. ఒక నవల మీద రాసేవాడికి నవలే మాటలు అందిస్తుంది. అడుగు మీద రాయాలంటే ప్రతి మాటా మనమే తెచ్చుకోవాలి. భరతనాట్యంలో పిల్లలు మొట్టమొదట నేర్చుకునేది తట్టడవు. అరమండిలో నిలబడాలి: మడమలు దగ్గరగా, పాదాలు పక్కలకి, మోకాళ్లు పాదాలు చూసే వైపుకే వంగి, నడుము నిటారుగా. ఆ మీదట ఒక్కో కాలూ ఎత్తి, అరికాలు మొత్తం ఒకేసారి నేలకి తగిలేలా తట్టాలి. టీచరు కర్రతో చెక్క మీద కొడుతూ "తెయ్యా తెయ్" అంటూ ఉంటుంది. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. దీన్ని రాయమంటే ఎవరైనా "పిల్లలు లయబద్ధంగా అడుగులు వేశారు" అని రాసి ఊరుకుంటారు. ఆ వాక్యం తప్పేమీ కాదు, కానీ దేశంలో ఏ నాట్యం క్లాసుకైనా సరిపోతుంది. అందుకే దాంతో ఏ పనీ జరగదు.

మా గైడ్‌కి ఒక అలవాటుండేది. ఎవరి చిత్తుప్రతి అయినా సరే, ఇలాంటి వాక్యం కనిపిస్తే పక్కన పెన్సిల్‌తో రాసేవారు: "ఎవరి కాలు? ఏ నేల మీద?" అంతే. వివరణ ఉండదు. ఆ ప్రశ్నకి జవాబు లైబ్రరీలో దొరకదు. మళ్లీ క్లాసుకి పోయి కూర్చోవాలి. కూర్చుంటే కనిపించిన సంగతులివి. గచ్చు నేల. మొదటి వరసలో ఉన్న అమ్మాయి కాలి చప్పుడు గట్టిగా వస్తుంది, చివర్లో ఉన్న చిన్నదాని కాలు తాకినట్టే వినిపించదు. మూడో కాలంలో ఆ చిన్నపిల్ల మడమ పూర్తిగా లేవడం లేదు, ముందుపాదం మాత్రం ఎత్తి దించుతోంది. దాని చూపు టీచరు మీద లేదు, కర్ర మీదా లేదు. ముందున్న అమ్మాయి కుడి మడమ మీద ఉంది. ఆ మడమ లేచిన అర క్షణానికి దీని కాలు లేస్తుంది. ముందున్న అమ్మాయి ఓ రోజు రాలేదు. ఆ రోజు చిన్నపిల్ల తట్టడవు రెండో కాలంలోనే ఆగిపోయింది.

ఇంతవరకూ వచ్చాక వాదన దానంతటదే నోట్లోకి వస్తుంది: ఆ గదిలో నేర్పుతున్నది టీచరు ఒక్కతే కాదు. పిల్లలు ఒకరి ఒంటిని చూసి ఒకరు నేర్చుకుంటున్నారు, వరసలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదీ పాఠంలో భాగమే. ఇది నేను చెప్పగలిగిన మాట, కాదన్నవాడు వచ్చి చూసి తేల్చుకోగల మాట. ఆ తర్వాత పుస్తకాలు తీస్తే, జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లోనే దర్జీల దగ్గరా మంత్రసానుల దగ్గరా పని నేర్చుకునేవాళ్ల గురించి ఇలాంటిదే రాశారని తెలిసింది. పుస్తకం ముందు చదివుంటే చిన్నపిల్ల చూపు నాకు కనిపించేదో లేదో చెప్పలేను. చూశాక చదివాను గనక వాళ్లతో ఎక్కడ ఒప్పుకోవాలో, ఎక్కడ కాదనాలో తెలిసింది.

నాట్యం మీద రాసేవాళ్లకి ఇది సరే, మా సైన్సువాళ్లకెందుకు అనే సహోద్యోగులున్నారు. వాళ్లకి వేలూరు కథే చెబుతాను. పాల్ బ్రాండ్ 1946లో ఇక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) సర్జన్‌గా వచ్చాడు. వచ్చిన కొత్తలో చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రికి డాక్టర్ కాక్రేన్‌ని చూడబోయాడు. అక్కడ వేళ్లు కొంకర్లు పోయిన ఒక యువకుడి చేతిలో తన చెయ్యి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. చచ్చుబడిందనుకున్న ఆ చెయ్యి బ్రాండ్‌కి నొప్పి పుట్టేలా నొక్కింది. అంటే ఆ చేతిలో కొన్ని కండరాలు పూర్తి బలంతో ఉన్నాయన్నమాట. ఏవి పోయాయి, ఏవి మిగిలాయి? మిగిలినవాటి స్నాయువుని పోయినవాటి పనికి మళ్లించవచ్చా? అప్పటిదాకా కుష్ఠు రోగి చెయ్యి దానంతటదే కుళ్లి రాలిపోతుందనే జనం నమ్మకం. ఎముకల డాక్టర్లు దాని జోలికే పోలేదు. వేలూరులో చేసిన ఆపరేషన్లూ, వాటి ఫలితాలూ 1952లో ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పత్రికలో వ్యాసంగా వచ్చాయి. వైద్యంలో పేరుపడ్డ ఆ వ్యాసానికి మొదటి ఆధారం రచయిత అరచేతికి కలిగిన నొప్పి. దాన్ని అంతటితో వదిలేయకుండా ఎన్నో చేతుల మీద పరీక్షించి చూశాడు గనక అది శాస్త్రమైంది.

ఇక్కడ నాకొక పక్కమాట తోస్తుంది. నాట్యం నేర్చుకునే పిల్లకి మొదట నేర్పే హస్తం పతాకం: నాలుగు వేళ్లూ తిన్నగా చాచి, ఒకదానికొకటి ఆనించి, బొటనవేలు మడవాలి. అభినయ దర్పణం చెప్పే 28 ఒంటి చేతి హస్తాల్లో అదే మొదటిది, అన్నిటికంటే తేలికైనది అనుకుంటాం. మోచేతి దగ్గర నుంచి వచ్చే అల్నర్ నరం చెడితే సరిగ్గా అదే పోతుంది. వేళ్లు కొసన ముడుచుకుంటాయి, చాచి ఆనించడం కుదరదు. అంటే తేలిక అనుకున్న పతాకం వెనక అరచేతిలోని చిన్న కండరాలన్నీ కాపలా కాస్తున్నాయి. బ్రాండ్ దగ్గర ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు స్నాయువు మారాక ఆ చేతిని కొత్తగా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చేది, అదీ స్పర్శ లేని వేళ్లని కళ్లతో చూసుకుంటూ. ఫిజియోథెరపీ గదిలో జరిగే ఆ సాధనకీ నాట్యం క్లాసులో సాధనకీ మధ్య ఎవరైనా మంచి థీసిస్ రాయచ్చు. వేలూరులోనే కూర్చుని రాయచ్చు.

సీఎంసీ ముందున్న ఇడా స్కడర్ రోడ్డు మీద సాయంత్రం షిఫ్టు మారే వేళ నిలబడితే ఇంకొకాయన గుర్తొస్తాడు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1934లో శరీరం నేర్చుకునే పద్ధతుల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అందులో ఒక ముచ్చట: న్యూయార్క్‌లో జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సుల నడక ఎక్కడో చూసినట్టుందే అని ఆలోచించి, సినిమాలో అని తేల్చుకున్నాడట. పారిస్ తిరిగొచ్చి చూస్తే అక్కడి అమ్మాయిలూ అలాగే నడుస్తున్నారట. నడక పుట్టుకతో వచ్చేది కాదు, చూసి నేర్చుకునేది, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సినిమా ఎక్కి పోయేది. ఈ వ్యాసాన్ని ఉల్లేఖించని నాట్యం థీసిస్ ఉండదు. మంచం మీద పడుకుని ఆయన చేసిన పని, అంటే అటూ ఇటూ పోయే మనుషుల నడకని తేరిపార చూడటం, మా విద్యార్థులతో ఎవరూ చేయించరు. పేరు మాత్రం రాయిస్తారు.

నేను చేయించేది చిన్న పని. మొదటి వారం అందరినీ, ఏ డిపార్ట్‌మెంట్ వాళ్లైనా సరే, అరమండిలో నిలబెడతాను. చీరలవాళ్లు, జీన్సులవాళ్లు, పొట్ట వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు, అందరినీ. నవ్వులు అయిపోయాక, ఓ నిమిషం గడిచాక, కూర్చుని జరిగింది రాయమంటాను. ఏ భాషలో ఆలోచన వస్తే ఆ భాషలోనే. "కష్టంగా ఉంది", "బాగుంది" అన్న మాటలు వాడకూడదు. ఒక మెకానికల్ కుర్రాడు తెలుగులో రాసినది నా దగ్గర ఇప్పటికీ ఉంది. మోకాళ్లు పక్కలకి పోనంటున్నాయి, ముందుకి వస్తున్నాయి, అవి ముందుకి వచ్చిన కొద్దీ వీపు వెనక్కి పోతోంది, పడిపోకుండా చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి, చేతులు నడుము మీద పెట్టుకోమన్నారు గనక ఆ దారి మూసేశారు, ఇప్పుడు బరువంతా తొడల మీద పడి వణుకుతున్నాయి. గురుత్వ కేంద్రం అన్న మాట ఎక్కడా రాయలేదు. రాయకుండానే ఒక చోట మార్పు చేస్తే ఇంకో చోట ఏం జరుగుతుందో వరసగా చెప్పాడు. వాడి డిపార్ట్‌మెంట్‌లో ప్రయోగ ఫలితాలు రాయడమంటే సరిగ్గా ఇదే. అంతకు ముందు వాడిచ్చిన సినాప్సిస్‌లో ఇలాంటి వాక్యం ఒక్కటి లేదు.

ఇంకో అమ్మాయిది గుడియాత్తం పక్కనే. ఇంట్లో తెలుగే. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. రెండో వారం పనిగా నేను ఇచ్చింది, ఇంట్లో ఎవరైనా చేసే పనిని చూసి రాయడం. ఆ అమ్మాయి క్లాసయ్యాక వచ్చి నిలబడింది. "మేడం, మా అమ్మ చేతులు రిసర్చ్ అవతాయా?"

"చూసి రాయమ్మా, అవుతాయో లేదో తర్వాత చూద్దాం" అన్నాను.

రాసుకొచ్చింది. ముందురోజే తడిపి తడిగుడ్డలో చుట్టి ఉంచిన ఆకు. రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించడం. ఒడిలో చాట. చిటికెడు పొగాకు పొడి ఆకు మీద వాలుగా పరిచి, రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి ఒక్క దొర్లింపు. వెడల్పు కొసని గోటితో లోపలికి నొక్కి మూయడం, సన్నకొస దగ్గర దారం చుట్టి తెంపడం. చూపు టీవీ మీద. దారం తెగితే ముందు చేతులాగుతాయి, తర్వాతే కళ్లు కిందికి దిగుతాయి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఆఖర్న ఒక వాక్యం రాసింది: అమ్మ కట్టకి ఇరవై అయిదు లెక్కపెట్టదు, పిడికిలి నిండగానే ఆపుతుంది.

"నిజమేనా? ఎలా తెలుసు?" అన్నాను. మళ్లీ ఇంటికి పోయి, కట్టలు విప్పి లెక్కపెట్టింది. ఎక్కువ కట్టల్లో ఇరవై అయిదే. కొన్నిట్లో ఒకటి తక్కువ. అవి చూస్తే ఆకు మందంగా ఉన్న రోజు చుట్టినవి, బీడీ లావుగా వచ్చి పిడికిలి ముందే నిండిపోయింది. తక్కువైతే ఏజెంటు కూలీ కోస్తాడు గనక మందం ఆకు రోజున అమ్మ సాయంత్రం మళ్లీ సరిచూసుకుంటుందని కూడా కనుక్కుంది. ఒక ప్రతిపాదన, దానికి పరీక్ష, పరీక్షలో తేడా, ఆ తేడాకి కారణం, ఆ కారణం నుంచి కూలీ వ్యవస్థ దాకా ఒక దారి. అకడమిక్ రైటింగ్ పుస్తకాలు మూడొందల పేజీల్లో చెప్పేదంతా ఆ అమ్మాయి రెండు పేజీల్లో చేసి చూపించింది. ఇంగ్లీషులోకి మార్చుకోవడానికి తర్వాత తంటాలు పడ్డాం. అది వేరే పని. కాలవ్యయమే గానీ అసాధ్యం కాదు. చూడనిదాన్ని మంచి ఇంగ్లీషులో రాసినవాళ్లని బాగుచేయడం దానికంటే చాలా కష్టం.

మన దగ్గర ఇది కొత్తదేమీ కాదు. కాకతీయ గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప 1253–54లో నృత్తరత్నావళి రాశాడు. సంస్కృతంలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ భరతుడి దారిలో మార్గ నృత్తం, తర్వాతి నాలుగూ దేశి. ఇప్పటి భాషలో చెప్పాలంటే మొదటి సగం లిటరేచర్ రివ్యూ, రెండో సగం ఫీల్డ్ వర్క్. పూర్వులు చెప్పింది చెప్పి ఊరుకుంటే ఆయన పేరు ఇప్పుడెవరికీ పట్టేది కాదు. రెండో సగంలో పేరిణి లాంటి దేశి రీతుల్ని వివరంగా రాసి పెట్టాడు గనకే, ఏడు వందల ఏళ్ల తర్వాత నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథం ఒక చేత్తో, రామప్ప గుడి శిల్పాలు ఇంకో చేత్తో పట్టుకుని పేరిణిని మళ్లీ నిలబెట్టగలిగాడు. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ తెలుగు అనువాదం ఉంది, ఎవరైనా తెరిచి చూడచ్చు. ఇంకో సంగతి చాలామంది తెలుగువాళ్లకే తెలీదు. అభినయ దర్పణాన్ని మొదటిసారి ఇంగ్లీషులో పెట్టి 1917లో హార్వర్డ్ ప్రెస్ ద్వారా ప్రపంచానికి చూపించిన ఇద్దరిలో ఒకరు ఆనంద కుమారస్వామి, రెండోవారు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. నాలుగేళ్ల తర్వాత చీరాల పేరాల ఉద్యమం నడిపిన ఆ ఆంధ్రరత్నే. మెడ కదలికలూ, చూపుల తేడాలూ ఇంగ్లీషు వాక్యాల్లో పట్టుకోవడానికి కుస్తీ పట్టినవాడు ఊరు ఊరంతటినీ నడిపించి బయటికి తీసుకుపోయాడంటే, నాకు ఆ రెండు పనులూ అంత దూరంగా కనిపించవు.

వేలూరు వూర్హీస్ కాలేజీలో నాలుగేళ్లు చదివి మద్రాసు వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఈ సందర్భంలో గుర్తు రావాల్సినవాడే. మిషనరీ అధ్యాపకులు హిందూ ధర్మంలో నీతి లేదన్నారని రోషం వచ్చి, 1908లో ఎం.ఏ. కోసం వేదాంత నీతి మీద వ్యాసం రాశాడు. రోషం కూడా ఒంట్లోనే పుడుతుంది. అది లేని థీసిస్‌లు రోజూ దిద్దుతున్నాను.

అయితే మనుషుల ఒంటి మీద రాయడంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని చెప్పకుండా దాటితే ఈ వాదన సగమే. మా గుడియాత్తంలో వైకాసి నెల మొదటి రోజున, అంటే మే నడిమిలో, గంగమ్మ శిరస్సు తిరునాళ. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి శిరస్సు ఊరేగింపుగా బయలుదేరుతుంది. డప్పులు, పులివేషాలు, కర్రసాము. దారి పొడవునా టెంకాయలు కొడతారు. చెప్పుల్లేని జనం ఆ చిప్పల మధ్య ఎలా నడుస్తారో చూడాలి: పాదం ముందు పక్కకి జరిపి, చిప్పని తోసి, ఆ తర్వాతే బరువు మోపుతారు. శిరస్సు గోపాలపురం గంగమ్మ గుడి చేరాక దాన్ని ఒక మొండెం మీద అమరుస్తారు. ఆ మొండెం అమ్మవారిది కాదు. తండ్రి మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరికినప్పుడు ఆమెతో పాటు తల తెగిన చండాల స్త్రీది. బతికించేటప్పుడు తలలూ మొండేలూ తారుమారైన కథ అది. తల ఎవరిదో, ఒళ్లు ఎవరిదో ఊరికంతా తెలుసు. ఏటా అందరి ముందూ ఆ రెంటినీ కలుపుతారు.

ఒళ్లు ఎవరిదన్న ఆ రెండో సంగతి మన విశ్వవిద్యాలయాలు మర్చిపోతాయి. తల ఎక్కడిదో వివరంగా రాస్తాం, పారిస్‌దనో న్యూయార్క్‌దనో, పేజీ నంబరుతో సహా. ఒళ్లు ఎవరిదో ఒక్క మాటలో తేల్చేస్తాం: "ఇన్ఫార్మెంట్". దక్షిణాది నాట్యం మీద రాసినవాళ్లు చాలాకాలం చేసింది అదే. అడుగులూ పదాలూ తీసుకున్నారు. ఆ అడుగుల్ని తరతరాలుగా మోసిన దేవదాసీలూ, గోదావరి జిల్లాల కళావంతులూ వ్యాసాల్లో పాదసూచికల కిందికి పోయారు. 1947 మద్రాసు చట్టంతో గుళ్లో అంకితాలు నిషేధమయ్యాయి. ఆ ఆడవాళ్లు ఆ తర్వాత ఎలా బతికారో, ఇంటి తలుపులేసుకుని ఏం ఆడుకున్నారో, ఏం గుర్తుపెట్టుకున్నారో దావేశ్ సోనేజీ 2012లో తెచ్చిన పుస్తకంలో దొరుకుతుంది. పేర్లతో, గొంతులతో. బీడీల అమ్మాయికి కూడా నేను ముందు చెప్పిన మాట అమ్మని అడగమని. అమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద: ఏజెంటు పేరు రాయకూడదు.

ఇంకో అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ఒంటి అనుభవం అంటూ మొదలుపెడితే ప్రతివాడూ తన గోడు రాసుకుని థీసిస్ అంటాడు కదా అని. అంటారు, నా దగ్గరికీ అలాంటివి వస్తాయి. "నాట్యం చేస్తున్నప్పుడు నేను విశ్వంతో ఒకటైపోయాను" అని ఒకామె రాసింది. అయ్యుండవచ్చు. దాన్ని కాదనడానికీ అవుననడానికీ నా దగ్గర దారి లేదు, అదే దాని లోపం. మెకానికల్ కుర్రాడి మోకాలు ముందుకి వచ్చిందా లేదా అన్నది పక్కనున్నవాడు చెప్పగలడు. నేననేది రెండో రకం రాత.

దీనికి కొత్త కోర్సు అక్కర్లేదు. రిసర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అని యూజీసీ పీహెచ్‌డీ వాళ్లందరికీ తప్పనిసరి చేసిన కోర్సు ఒకటి ఇప్పటికే ఉంది. రెండు క్రెడిట్లు, ముప్పై గంటలు. కాపీ గురించి, నకిలీ జర్నళ్ల గురించి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల గురించి చెబుతారు. అందులో ఓ ఆరు గంటలు ఇలా చూసి రాయడానికి ఇవ్వమని అడుగుతున్నాను. మొదటి చిత్తు తెలుగులోనో తమిళంలోనో ఉర్దూలోనో ఉన్నా మార్కులు కోయకూడదని అడుగుతున్నాను. ఆ ఆరు గంటల్లో కొన్నయినా పని తెలిసినవాళ్లు చెప్పాలని కూడా. మాకు ఓ పూట ప్రయాణం దూరంలో కాంచీపురం దగ్గర పి. రాజగోపాల్, హన్నే డి బ్రుయిన్ కలిసి 2002 నుంచి 2020 దాకా కట్టైక్కూత్తు గురుకులం నడిపారు. పిల్లలకి బడి చదువూ, తమిళ వీధినాటకం కూత్తు సాధనా ఒక్కచోటే. రాజగోపాల్ చిన్నప్పుడే బడి మానేసి తండ్రి బృందంలో చేరినవాడు. ఆ రెంటిలో ఒకటి వదులుకోవాల్సిన గతి ఇంకో పిల్లాడికి పట్టకూడదనే ఆ బడి పెట్టాడు. అలాంటి వాద్యార్లు, అంటే ఆట నేర్పే గురువులు, మా పక్క పల్లెల్లో, గీత అవతల చిత్తూరు భారతాల్లో వీధినాటకం ఆడే బృందాల్లో ఇంకా ఉన్నారు. పద్దెనిమిది రోజుల భారతంలో తపస్సు మాను ఎక్కే అర్జునుడి చేత ఎక్కడ చెయ్యి వేస్తాడో, పాట మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో ఒక గంట చెప్పిస్తే, రాయడానికి మా పిల్లలకి ఓ నెలకి సరిపోతుంది.

డిగ్రీ లేనివాళ్లని క్లాసుకి ఎలా పిలుస్తారని ఆఫీసువాళ్లు అడుగుతారు. 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు చూపించండి. పనిలో పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి డిగ్రీ తప్పనిసరి కాదని అందులో ఉంది. ఇప్పటిదాకా దాని కింద వస్తున్నది ఎక్కువగా కంపెనీల నుంచి రిటైరైన పెద్దమనుషులే అని నాకనిపిస్తుంది. ఒక్క గంటకి పిలవడానికి ఆ పదవి కూడా అక్కర్లేదు, గెస్ట్ లెక్చర్ కింద హానరేరియం ఇవ్వచ్చు. కాకపోతే ఎండాకాలంలో పిలిస్తే ఎవరూ రారు. ద్రౌపదమ్మ గుళ్లలో వరసగా ఆటలుంటాయి, రాత్రంతా ఆడి పగలు పడుకుంటారు. వానల నెలల్లో పిలవాలి. అప్పుడు ఆటలుండవు, చేతిలో డబ్బూ ఉండదు, మా ఆడ్ సెమిస్టర్ కూడా అప్పుడే నడుస్తుంది. బిల్లు మాత్రం ఆ నెలలోనే పాస్ చేయాలి.